పలుపు విప్పాక

ఆ ఉదయం మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. పక్కూరి నారసింహులుకు గేదెనమ్మాను. పలుపు ఇస్తే పాడి పోతుందంటారు. అందుకని మా పలుపు విప్పి ఉంచుకున్నాను. అతను తన తాడు కట్టి తోలుకుపోయాడు.

పొయ్యి దగ్గర్నుంచి నా భార్య సాయమ్మ అడిగింది. "ఏమయ్యా, పలుపు సరే, దాని చెవిబిళ్ళలో మన మెయిల్ తీశావా?"

తీయలేదు. గేదె జాడ చెప్పే ఆ బిళ్ళతో పాటు ఇంటి తలుపు, మోటారు, పొయ్యి అన్నీ ఆ ఒక్క మెయిల్‌తోనే నడుస్తాయి. గేదె ఎవరి దొడ్లో ఉంటే మా ఇంటి తాళం వాళ్ళ దొడ్లో ఉన్నట్టే.

"గేదెనమ్మి ఇల్లు ఊరికే ఇచ్చావన్నమాట. మంచి బేరగాడివే!"

"బిళ్ళలోది ఒక్కటే తీయాలంటే గేదె చెవి కావాలి. అన్నిట్లోంచీ ఒకేసారి తీసేస్తాలే."

"అన్నం సగమే ఉడికింది. పొయ్యి ఆరిపోద్ది!"

"కట్టెలున్నాయి గదా."

ఫోనులో నొక్కాను. పొయ్యి ఆరింది, ఫ్యాను ఆగింది, పెరట్లో మోటారు నిలిచింది. చెవిబిళ్ళ కూడా మమ్మల్ని మరిచిపోయింది. పాస్‌వర్డ్ కొత్తది పెట్టాను.

సాయమ్మ కట్టెలు రాజేసి అన్నం దించింది. రోజూ ఉప్పెక్కువైందని కంచం, నీళ్ళు తాగమని చెంబు పోరుతుంటాయి. అవీ ఆ మెయిల్‌వే గనక ఆ పూట నోరెత్తలేదు. మేమిద్దరం కడుపునిండా తిన్నాం.