ఒక్క బల్బు కూడా వెలగకూడదు

"ఆపను," అంది డోరా.

డైరెక్టర్ రామభద్రరావు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎవరైనా ఎదురు మాట్లాడితే ఆయన ముందు చేసే పని అదే.

"చూడమ్మా, రేపు పదకొండింటికి ఢిల్లీ నుంచి సెక్రటరీగారు వస్తున్నారు. ఆయన బటన్ నొక్కాలి, కొత్త కంప్యూటర్ మిషన్ మొదలవ్వాలి, మనం చప్పట్లు కొట్టాలి. ముందే నడుస్తున్నదాన్ని ఆయన ఏం ప్రారంభిస్తారు?"

"పంతొమ్మిది రోజుల నుంచి లెక్క నడుస్తోంది సార్. ఇంకో రెండు రోజుల్లో అయిపోతుంది. ఇప్పుడు ఆపితే మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి."

"పెట్టండి. అయినా ఫైల్లో ఆ మిషన్ ఇంకా మొదలే కాలేదు. మొదలుకానిదాన్ని ఆపడానికి మీకేమిటి అభ్యంతరం?"

డోరాకి ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఆవిడ సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా ఆవిడనే పిలుస్తారు, ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయినా ఆవిడ మీదే విసుక్కుంటారు. పన్నెండేళ్ళుగా అన్నీ పడింది. కానీ ఈ లెక్క అలాంటిది కాదు. తుఫాను ఎటునుంచి వస్తే ఏ ఊళ్ళోకి ఎంత ఎత్తున నీళ్ళొస్తాయో కోస్తా పొడుగునా తేల్చే లెక్క.

అప్పటికి సెప్టెంబరు ఆఖరు. రెండు రోజుల్లో తేలితే, తుఫాన్ల కాలానికి ముందే జాబితా కలెక్టర్లకి చేరుతుంది. మూడు వారాలు ఆలస్యమైతే తుఫానే ముందొస్తుంది. డోరాది దివిసీమ. డెబ్భై ఏడు ఉప్పెనలో నాయనమ్మనీ ఇద్దరు మేనమామల్నీ పోగొట్టుకున్న మనిషి.

"నా చేత్తో మాత్రం ఆపను," అని కంప్యూటర్ గది తాళంచెవి ఆయన టేబుల్ మీద విసిరేసి బయటికి వచ్చేసింది.

ఆయన వెంటనే, అప్పటిదాకా గుమ్మం బయటే ఉన్న ఎలక్ట్రీషియన్ యేసురాజుని లోపలికి పిలిచాడు. ఆయన గొంతు వరండా దాకా వినిపించింది.

"రేపు సెక్రటరీగారు నొక్కేదాకా దాని మీద ఒక్క బల్బు కూడా వెలగకూడదు. నొక్కగానే అన్నీ వెలగాలి. అర్థమైందా?"

"అయింది సార్."

యేసురాజుది సీతాఫల్‌మండి. పదేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ డోరాకి కేకు తెచ్చిచ్చే మనిషి. తాళంచెవి పట్టుకుని బయటికి రాగానే డోరా అడ్డం నిలబడింది.

"నేను లోపల అన్నదంతా విన్నావు కదా?"

"విన్న మేడమ్. ఏం చేయమంటరు? పెద్దసారు చెప్పిండు. నా నౌకరీ ఉండాలె గదా."

"ఉంచుకో నీ నౌకరీ. అన్నం అదే పెడుతుంది."

"జెర కోపం తగ్గించుకోండి మేడమ్," అన్నాడు నేల చూపులు చూస్తూ. ఆ మాటతో ఆవిడ కోపం ఇంకా రేగింది.

తన గదికి వెళ్ళి, ఆ లెక్క ఆగిపోవడం కళ్ళతో చూడలేక టేబుల్ మీది స్క్రీన్ కట్టేసింది. ఒంటిగంటకి కిటికీలోంచి చూస్తే యేసురాజు సైకిలెక్కి ఇంటికి పోతున్నాడు. గంటలో తిరిగొచ్చాడు, హ్యాండిల్‌కి ఒక గుడ్డసంచి. 'మిషన్‌ని చంపి, ఇంటికెళ్ళి హాయిగా భోంచేసి వచ్చాడు,' అని పళ్ళు నూరుకుంది.

మర్నాడు గది గుమ్మానికి బంతిపూల దండలు కట్టారు, అడ్డంగా రిబ్బను కట్టారు. అద్దాల గోడ అవతల మిషన్ చీకటిగా నిలబడి ఉంది. డైరెక్టర్ చెవి రిక్కించాడు.

"ఆ హోరేమిటయ్యా?"

"ఏసీ సార్. ఢిల్లీ సారొస్తుండ్రని ఫుల్ పెట్టిన," అన్నాడు యేసురాజు.

డోరా అందరికన్నా వెనక నిలబడింది. రానని చెప్పింది కానీ మెమో ఇస్తామన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యేసురాజు మెల్లగా ఆవిడ పక్కకి చేరాడు.

"పెద్దసారు చెప్పినట్టే చేసిన మేడమ్. ఒక్క బల్బు సుత వెలుగుతలేదు, చూడుండ్రి."

"సిగ్గు లేదూ నీకు? ఈ జన్మలో నాతో మాట్లాడకు. నీ కేకు కూడా నాకొద్దు."

సెక్రటరీగారు శాస్త్రం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, ఎర్ర బటన్ నొక్కారు. అద్దం వెనక ఎరుపూ పచ్చా బల్బులు గబగబా వెలిగి ఆరి, మళ్ళీ వెలిగాయి. చప్పట్లు మోగాయి. రామభద్రరావు మొహం విప్పారింది. డోరా గోడవైపు తిరిగిపోయింది. ఆ బల్బుల వంక చూస్తే ఎవరినైనా కొట్టేస్తానేమో అనిపించింది.

అందరూ భోజనాలకి వెళ్ళాక ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఏడుస్తూ కూర్చుంటే ఉప్పెన ఆగదు. ఒకటో రోజు నుంచే మొదలుపెడదామని మిషన్ జాలీ తలుపు విసురుగా లాగింది.

లోపల, నల్ల టేపు ముక్కల చాటున మిషన్ బల్బులన్నీ ఇరవయ్యో రోజు లెక్కతో ఎప్పట్లాగే మిణుకుమంటున్నాయి. సెక్రటరీగారి ఎర్ర బటన్ నుంచి వచ్చిన వైరు మాత్రం మిషన్ దాకా పోకుండా, తలుపుకి అంటించిన యేసురాజు ఇంటి క్రిస్మస్ బల్బుల దండ దగ్గరే ఆగిపోయింది.