ఖాళీ గదిలో వంద వాట్లు

ఆ రాత్రి రేవుకు వచ్చినప్పుడు ఎయిలిఫ్ చేతిలో ఉన్నవి నోట్ల కవరు, టార్చిలైటు. అమ్మేవాడి మీద చిన్నచూపు ఎలాగూ వెంటే ఉంటుంది. అతను కొనబోయే చేపల శీతల గిడ్డంగి ఖాళీగా ఉంది. అయినా యంత్రం గంటకు ఎనభై ఆరు కిలోకాలరీల వేడిని బయటికి తోడుతున్నట్టు మీటరు చూపిస్తోంది.

"ఇంకా కిలోకాలరీలేనా తాతా? వాట్లలో చెబితే వంద. లోపల బల్బు ఆర్పడం మరిచావు."

"బల్బు లేదు బాబూ. మనిషి ఒంటి వేడి కూడా అంతే ఉంటుంది" అన్నాడు ముసలి తోర్లీఫ్.

"అయితే వాణ్నీ కలిపే అమ్ము, సగం ధరకి!"

తోర్లీఫ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఎయిలిఫ్ వెక్కిరింతగా నవ్వి లోపలికి వెళ్లాడు. మంచు పట్టిన కొక్కేలు తప్ప ఏమీ లేవు. చప్పుడన్నదే లేదు.

"నూట డెబ్బై రెండు!" బయటినుంచి ముసలాయన మీటరు చూసి అరిచాడు.

ఎయిలిఫ్ బయటికి వచ్చి తలుపు బిగించాడు. తన వంతు తీసేస్తే మళ్లీ ఎనభై ఆరు మిగలాలి. కాసేపటికి మీటరు ముల్లు సున్నా దగ్గర ఆగింది.

తోర్లీఫ్ మొదటిసారి నవ్వాడు. నోట్ల కవరు అందుకుని, విప్పి చూడకుండానే వెళ్లిపోయాడు.

ఎయిలిఫ్ కారెక్కాడు. పక్క సీటు వైపు అద్దానికి ఆవిరి పట్టింది. ఆ బేరంలో అతనికి దక్కినవి సగం ధరకు ఒక గిడ్డంగి, పైన ఎనభై ఆరు కిలోకాలరీలు.