కుడి బుగ్గ

ఫ్రిజ్‌లోంచి ఆ బుల్లి సీసా తీసి కోటు జేబులో వేసుకున్నప్పుడు సొక్జుకి భయం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. నలభై ఏళ్ల వయసు, సియోల్‌లో పేరున్న చర్మ పరిశోధనశాలలో ఉద్యోగం, చేస్తున్నదేమో మొహానికి పూసుకునే మందు దొంగతనం!

సీసాలో ఉన్నది గ్రోత్ ఫ్యాక్టర్. అది చర్మకణం తలుపు తడుతుంది. కబురు లోపలికెళ్లి నిద్రపోతున్న జన్యువుల్ని లేపుతుంది. అవి లేచాయంటే ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పుస్తకాల్లో అంతే. సొక్జు పెంచే కణాలు మాత్రం వసంతకాలం నుంచీ ఎంత మందు పోసినా మొద్దునిద్ర వదల్లేదు.

"అది చెయ్యా, కర్రా?" అని ప్రొఫెసర్ నామ్‌గుంగ్ రోజూ తిట్టేవాడు. అదీ కిటికీ వైపు తిరిగి కూర్చునే. వసంతంలో ఊరి మీదికి పసుపు దుమ్ము కొట్టుకొచ్చే రోజుల్లో తగిలించుకున్న మాస్కు, వానలు పడ్డా తన గదిలో తప్ప తీయలేదు. అందరూ కలిసి మాంసం కాల్చుకు తినే సాయంత్రాలకూ రావడం మానేశాడు. తన మొహం చూస్తే ఆయనకు ముద్ద దిగడం లేదు కాబోలనుకున్నాడు సొక్జు.

"చూసొక్ పంటల పండగలోగా కణాలు పెరగకపోతే నీ దారి నువ్వు చూసుకో" అన్నాడొక రోజు ప్రొఫెసర్.

ఆ సాయంత్రమే అమ్మ ఫోను. పండగ వెళ్లగానే పెళ్లిచూపులట, ఈలోగా ఆ మొహం కాస్త బాగుచేసుకోమంది. కణాలకు ఎలాగూ ఒంటబట్టని మందు, తనకైనా పనికొస్తుందనుకున్నాడు. అలా సీసా జేబులోకి, ఉప్పునీళ్లు నింపిన మరో సీసా ఫ్రిజ్‌లోకి వెళ్లాయి.

దొంగ అయితే మాత్రం వృత్తిబుద్ధి ఎక్కడికి పోతుంది? మందు కుడి బుగ్గకే రాశాడు. ఎడమ బుగ్గకు ఉత్త ఉప్పునీళ్లు. తేడా తెలియాలంటే ఒక పక్క వట్టిది ఉండాలిగా! రోజూ అద్దంలో కుడి బుగ్గ చూసుకుని తెగ మురిసిపోయాడు. అబ్బ, వెన్నముద్దే!

"జిన్‌ఓక్, సరిగ్గా చూసి చెప్పు. ఏమైనా తేడా తెలుస్తోందా?" పక్క బల్ల దగ్గరి జూనియర్‌ని అడిగాడు.

"ఏముందన్నా, అటు చూసినా ఇటు చూసినా అక్రోటు కాయే" అందామె నూడుల్స్ జుర్రుకుంటూ.

పాపం, పిల్లకి కళ్లజోడు మార్చాలనుకున్నాడు.

పండగ ముందు ప్రొఫెసర్ పిలిపించాడు. ఎప్పట్లాగే చూపు కిటికీలోంచి బయటికే.

"కణాలు పెరిగాయా?"

"లేదు మాస్టారూ."

"అయితే సామాన్లు సర్దుకో."

సొక్జుకి ఏడుపొచ్చినంత పనైంది. ఎలాగూ పోయే ఉద్యోగం, చేతకానివాడిగా పోవడం కన్నా దొంగగా పోవడమే పరువనిపించింది.

"నా చేతిలో లోపం లేదు మాస్టారూ! సీసాలో ఉన్నవి ఉప్పునీళ్లు. మందు నేనే కొట్టేశాను. కుడి బుగ్గకు రాసుకున్నాను. ఎడమదానికి... పోల్చి చూసుకోవడానికి ఉప్పునీళ్లు."

ప్రొఫెసర్ భుజాలు అదిరాయి. కోపమనుకున్నాడు. కాదు, నవ్వు.

"నువ్వు కొట్టేసినవీ ఉప్పునీళ్లేరా, వెర్రి నాయనా! సర్దక్కర్లేదులే, కూర్చో" అంటూ వసంతం తర్వాత మొదటిసారి ఇటు తిరిగాడాయన. ఇన్నాళ్లూ సొక్జుకి కనిపించిన ఎడమ బుగ్గ ఎండు రేగుపండులా ముడతలు పడి ఉంది. కుడి బుగ్గ మాత్రం అచ్చం పసిపాపది.