పొడిస్తే నూకలు

"కత్తి తీసుకురావయ్యా! ఈ పుంజును ఇయ్యాళే కూర వండేస్తా!" అరుగు మీదికి ఎగిరి అరిచింది సామ్రాజ్యం. కింద కుర్ర పుంజు మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఆమె కాళ్ల వంకే చూస్తోంది.

ఆమె అరుగు మీదున్న చేటలోంచి గుప్పెడు నూకలు తీసి దూరంగా విసిరింది. పుంజు అటు పరుగెత్తింది.

కత్తితో వచ్చిన మొగుడు జడ్సన్ అది చూశాడు. "రోజూ ఇట్టే చేస్తావా?"

"నూకలెయ్యకపోతే వదల్దయ్యా."

జడ్సన్ పగలబడి నవ్వాడు. "పొడిచినప్పుడల్లా మేత పెడితే పొడవకేం చేస్తాది? దానికి నేర్పింది నువ్వే. ఈసారి కదలకుండా నిలబడి చూడు."

సామ్రాజ్యం అరుగు దిగింది. పుంజు మళ్లీ వచ్చింది. ఆమె పళ్లు బిగబట్టి నిలబడింది. అది చెప్పు మీద టకటకా పొడిచి, ఆమె మొహం వంక చూసి, నూకలు రాలకపోయేసరికి చెత్తకుప్ప గీరుకోవడానికి పోయింది.

"చూసినావా!" జడ్సన్ మంచం మీద కూలబడి, అలవాటుగా ఖాళీ గ్లాసుతో మంచంకోడు మీద టకటకా కొట్టాడు. "కాఫీ!"

వంటింటి వైపు పరుగు తీయబోయిన సామ్రాజ్యం ఆగింది. పుంజు వంక చూసింది. మొగుడి వంక చూసింది.

కదలకుండా నిలబడింది.

గ్లాసు ఇంకోసారి మోగింది. ఆ తర్వాత జడ్సన్ ఆమె మొహం వంక చూసి, మెల్లగా లేచి, తనే వంటింట్లోకి పోయాడు.