పన్నెండు సెంటీమీటర్లు

గుణదల దగ్గరి ఆ కాలేజీలో ఎవరు రోబో తయారుచేసినా, నతానియేలు సారు నేలమీది నల్ల టేపు గీతకు తన కాలు అడ్డం పెట్టేవారు. రోబో పన్నెండు సెంటీమీటర్ల దూరంలో ఆగితేనే పాసు. ఎన్ని రోబోలు గుద్దినా ఆయన కాలు తీసేవారు కాదు. ఆయన పోయి నెలైంది.

రేపే పరీక్ష. చీకటి పడ్డాక ల్యాబ్‌లో హెప్సిబా, భానుశ్రీ తమ రోబోను గీత మీద వదిలారు. పక్క గీత మీద తోటి విద్యార్థి జయంత్ వాళ్ల రోబో ఆపేసి ఉంది. నిన్నటిదాకా అన్నిటినీ గుద్దిన రోబో సగం దారిలో ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌లో దూరం పన్నెండు అని చూపిస్తోంది. ఎదురుగా ఖాళీ నేల.

"సెన్సార్ పోయిందే," అంది భానుశ్రీ.

హెప్సిబా దాన్ని గోడవైపు తిప్పి కొలిచింది. లెక్క సరిగ్గానే ఉంది. తిరిగి గీత మీద పెడితే మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ పన్నెండే.

"సారు నిలబడేది ఇక్కడేగా?"

"ఊరుకోవే. ఫెయిలయ్యేట్టున్నామని నేను ఏడుస్తుంటే."

హెప్సిబాకు భయం కన్నా గౌరవమే ఎక్కువ కలిగింది. పోయాక కూడా ఎవర్నీ ఊరికే పాస్ చేయని మనిషి.

"ఆగిందండీ సార్. ఇక కాలు తీయండి," అంది మెల్లగా.

తెరమీద అంకె ఒక్కసారిగా పెరిగింది. రోబో ముందుకు కదిలింది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు పక్క గీత దాకా వెళ్లి ఆగింది.

అక్కడ, ఎవరూ స్విచ్ వేయని జయంత్ వాళ్ల రోబోకు లైటు వెలిగింది.