శుక్రవారం చీటీలు

చర్చిలోని చీటీల డబ్బా మూత తీసిన సంజీవరావు చెయ్యి అక్కడే ఆగిపోయింది. పైనున్న చీటీ తనదే. చేతిరాత తనది. తేదీ మూడేళ్ళ కిందటిది. ‘నా భార్య డయానాకు గర్భఫలం కోసం ప్రార్థించగలరు.’

అతని జేబులో ఇంకో చీటీ ఉంది. పొద్దున భవానీపురంలో బయల్దేరేముందు రాసింది. ‘మా పాప అక్షయకు పద్నాలుగు నెలలు. గుండెలో రంధ్రం. సోమవారం ఆపరేషన్. ప్రార్థించగలరు.’

కంకిపాడులోని ఆ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ అవసరం ఉన్నా చీటీ రాసి డబ్బాలో వేస్తారు. ప్రార్థన ఫలించాక ఆ మనిషే వచ్చి, జరిగిన మేలు గురించి నలుగురి ముందు సాక్ష్యం చెప్పి, తన చీటీ తీసి చించెయ్యాలి. ఇంకెవరూ చించరు. అప్పటిదాకా ప్రతి శుక్రవారం ఆ చీటీ పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంటారు.

రెండో చీటీ వెయ్యాలంటే మొదటిది తియ్యాలి. తియ్యాలంటే, పద్నాలుగు నెలలుగా ఎందుకు రాలేదో చెప్పాలి.

“వందనాలు బాబూ! కంకిపాడుకి మళ్ళీ బస్సులు వేశారా ఏంటి?” చాప మీద నుంచే అడిగింది ప్రార్థనకు వచ్చిన నాగవేణి.

“వందనాలండీ. ఆఫీసు పనుల్లో పడి...”

“అవునులే. మేమంటే పనీపాటా లేక తిండి మానేసి కూర్చుంటాం.”

“ఊరుకోవే,” అంది వెంకటరత్నమ్మ. ఆవిడకు డెబ్బై దాటాయి. ఉపవాస ప్రార్థన నడిపేది, డబ్బా దాచేది ఆవిడే. “డయానా బాగుందా నాయనా?”

“బాగుంది మామ్మగారూ.”

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆవిడ కాసేపు చూసింది. సంజీవరావు డబ్బా ఆవిడ ముందు పెట్టి చాప చివర కూర్చున్నాడు.

ప్రార్థన మొదలైంది. వెంకటరత్నమ్మ ఒక్కో చీటీ తీసి, చదివి, నుదుటికి ఆనించుకుంటోంది. ఒకరి కూతురి ఉద్యోగం. ఒకరి కౌలు పొలానికి కాలవ నీళ్ళు. ఒకామె మోకాలు. వాటికి అందరికీ వినిపించేలాగే ప్రార్థించింది. సంజీవరావు చీటీ వచ్చేసరికి గొంతు ఆగింది. పెదాలు మాత్రం కదిలాయి. మిగతా వాటికన్నా ఎక్కువసేపు కదిలాయి.

నాగవేణి అతని వైపు వంగింది. “నీ చీటీ కోసం మామ్మ శుక్రవారం మంచినీళ్ళు కూడా ముట్టదు. షుగరు మనిషి. పోయిన నెల కళ్ళు తిరిగి ఈ గుమ్మంలోనే పడింది. ఇక చాల్లే మామ్మా అంటే వినదు. సంజీవరావు ఇంకా రాలేదుగా అంటుంది.”

సంజీవరావు లేచాడు. గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. సోమవారం గుర్తొచ్చింది. చెప్పులు వదిలి వెనక్కి వచ్చి, వెంకటరత్నమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోని చీటీ అందించాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ చదివింది.

“పాప పుట్టగానే వచ్చి సాక్ష్యం చెప్పాల్సింది మామ్మగారూ. ఈ వారం, పై వారం అనుకుంటూనే మొదటి పుట్టినరోజు కూడా అయిపోయింది. ఆ తర్వాత రావడానికి మొహం చెల్లలేదు. నిజం చెప్పాలంటే మధ్యలో మర్చిపోయాను కూడా. మీరేమో నా కోసం ఇన్ని శుక్రవారాలు పస్తులున్నారు. అందుకేనేమో దేవుడు పాపకి...”

“ఛ, ఏం మాటలవి?” అంది నాగవేణి. “పసిపిల్లల మీద దేవుడు పగ తీర్చుకుంటాడా? చెప్పు మామ్మా!”

వెంకటరత్నమ్మ చీటీ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

“పాప పుట్టిన సంగతి నాకు తెలుసు నాయనా,” అంది చివరికి. “ఉయ్యూరు బస్సులో మీ అత్తగారు కనిపించి లడ్డూ పెట్టింది. ఆ రోజు శుక్రవారం. కొంగున కట్టుకుని, ఉపవాసం విడిచాక తిన్నాను.”

నాగవేణి ఆవిడ వైపు తిరిగింది. “తెలిసీ పస్తులున్నావా? మరి ఈ చీటీ పట్టుకుని ఇన్నాళ్ళూ ఏం అడిగావు?”

వెంకటరత్నమ్మ రెండు చీటీలూ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ సంజీవరావు ముఖం చూడలేదు.

“నువ్వు చేసిన మేలు మర్చిపోయాడు, వాణ్ణి ఎలాగైనా ఈ గుమ్మం ఎక్కించు ప్రభువా అని అడిగాను. ఆయన ఇలా ఎక్కిస్తాడని అనుకోలేదు నాయనా.”