స్మార్ట్ చేతులు

“నాకెందుకో మీ నాయిన మీద అనుమానమైతున్నది బిడ్డా. మన కొంప మునిగేటట్టే ఉన్నది.”

చీర అంచుకు వేలాడే దారాలు కత్తిరిస్తూ లలితమ్మ ఆ మాట అంది.

సంతోషి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. రేపు కాలేజీలో ఏదైనా ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. తను ‘స్మార్ట్’ ఎంచుకుంది.

“నీకు అనుమానం రాని రోజేది అమ్మా? మొన్న గ్యాస్ సిలిండర్ మీద వచ్చింది.”

“నవ్వకు. అంగి మీద జరీ తునకలుంటున్నయి. నాకొచ్చేటియి జరీ లేని చీరలాయె, సాంచెల కాడ తెల్ల బట్ట తప్ప జరీ ఏడుంటది?”

నిజమే. సాంచెలు, అంటే మరమగ్గాలు నడిచే కార్ఖానా నుంచి తండ్రి సాంబయ్య ఎప్పుడొచ్చినా తలనిండా తెల్లటి దూది నూగుతో వచ్చేవాడు. ఈమధ్య నూగు లేదు. అంగీ దులిపితే తళుకులు రాలుతున్నాయి.

సంతోషి ఫోన్ తీసింది. ట్యూషన్లు చెప్పిన డబ్బుతో తండ్రికి ఒక వాచీ కొనిచ్చింది. ఆయన ఎంత నడిచాడో, ఎంతసేపు కూర్చున్నాడో అది ఈ ఫోన్‌కు చెప్పేస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. టైము చూసుకోవడానికే అనుకుంటాడు.

“ఏందే, చప్పుడు చెయ్యవు?”

“వాచీ ఖరాబైనట్టుంది. నిన్న నాయిన పొద్దంత కూసునే ఉన్నడంటున్నది. మొన్న గూడ గంతే.”

లలితమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. వరుసగా సాంచెలు చూసుకునే మనిషికి కూర్చునే తీరికెక్కడిది? ఇక్కడ పోగు తెగితే అతకాలి, అక్కడ కండె అయిపోతే మార్చాలి. ఆ పని అంటేనే ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడం.

“ఖరాబేం గాలే. స్మార్ట్ వాచీ అని నువ్వే అంటివి. మీ నాయిన సాంచెల కాడికే పోతలేడు. ఏడనో కూసుంటున్నడు. ఎవల పక్కకో.”

“అమ్మా!”

“అసలు స్మార్ట్ అంటే ఏందే?”

మాట మారినందుకు సంతోషికి ప్రాణం లేచొచ్చింది. “మొట్టమొదట నొప్పి అని అర్థమమ్మా. తేలు కుట్టినట్టు మండుతది సూడు, గట్లాంటి నొప్పి. తర్వాత చురుకైనది. ఇంకో అర్థం, కుచ్చుకునే మాట. తర్వాత టిప్‌టాప్‌గ తయారయ్యేటోళ్లు, తెలివిగలోళ్లు. ఇప్పుడైతే ఫోను, టీవీ, కరెంటు మీటరు, అన్ని స్మార్టే.”

“నొప్పికాడ షురువై సోకులదాంక వచ్చిందన్నట్టు.” లలితమ్మ మొహం ఇంకా ముడుచుకుపోయింది. “పొద్దున హంసాబెన్ గూడ గదే మాట అన్నది.”

గల్లీలో ఆడవాళ్లకు చీరల కట్టలు స్కూటీ మీద తెచ్చి పంచేది గుజరాతీ హంసాబెన్. దారాలు కత్తిరించి ఇస్తే కట్టకింత అని ఇస్తుంది. కొన్నాళ్లుగా లలితమ్మ వాటా సగమైంది. ఎందుకని అడిగితే, “నయా కారీగర్ హై, లలితాబెన్. హాథ్ ఏక్‌దమ్ స్మార్ట్!” అని, కొత్తగా పనికి కుదిరిన చేతులు మహా చురుకని నవ్వేసి స్కూటీ తిప్పుకుపోయింది.

అంతలోనే సాంబయ్య వచ్చాడు. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు.

“కాళ్లు గుంజుతలేవా?” అంది లలితమ్మ, కళ్లలోకి చూస్తూ.

“ఎందుకు గుంజుతయి?”

“పొద్దంత తిరిగొచ్చినవు గద.”

“గదే మామూలే.” ఆయన చూపు మళ్లించుకున్నాడు. “నువ్వు మెడ నొస్తుందంటివి. జర తక్కువ చెయ్యరాదే.”

“ఎక్కువ ఏడున్నయి? నా కట్టలన్ని ఎవతికో పోతున్నయి. దాని చేతులు స్మార్ట్ అట!”

సాంబయ్యకు తాగుతున్న నీళ్లు పొలమారాయి.

మర్నాడు మధ్యాహ్నం లలితమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. మొగుడెక్కడ కూర్చుంటున్నాడో కనుక్కోవడం తన వల్ల కాదు. కనీసం నోటి దగ్గర కూడు లాక్కున్నదాని మొహమన్నా చూడాలి. పొయ్యి ఆర్పి, చౌరస్తా దాటి, ఎన్నడూ వెళ్లని హంసాబెన్ గోదాముకు వెళ్లింది.

గుమ్మం ముందు అన్నీ ఆడవాళ్ల చెప్పులే. వాటి మధ్య ఒక మగ చెప్పుల జత. ఎడమదాని పట్టీ నల్ల నైలాన్ దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు తనదే.

లలితమ్మ కొంగు నడుముకు దోపింది. జరీ తునకలు, కూర్చునే ఉన్న వాచీ, సగమైన కట్టలు, అన్నీ ఒక్కసారే అర్థమైపోయాయి. విసురుగా లోపలికి వెళ్లింది. నలుగురైదుగురు ఆడవాళ్లు కత్తెరలు ఆపి చూశారు.

“కహాఁ హై తుమ్హారా నయా కారీగర్?”

“ఉధర్, పీఛే,” అంది హంసాబెన్, మూలన గోడలా పేర్చిన జరీ చీరల గుట్ట వైపు చూపిస్తూ. “లేకిన్ లలితాబెన్, సునో తో…”

లలితమ్మ వినలేదు. గుట్ట వెనక నుంచి కత్తెర కిచకిచలాడుతూనే ఉంది.

“ఎవతివే నువ్వు? కట్టలు గుంజుకున్నవు, ఓర్సుకున్న. ఇప్పుడు నా మొగుణ్నే గుంజుకుంటివా? రా బయటికి! జరీ చీర కట్టుకొని టిప్‌టాప్‌గ కూసున్నవా? ఏవి, చూపియ్యి ఆ స్మార్ట్ చేతులు!”

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. పైన ఫ్యాను ఒక్కటే గీపెడుతూ తిరిగింది. లలితమ్మ రొప్పుతూ నిలబడింది.  గుట్ట వెనక నుంచి అలవాటైన దగ్గు ఒకటి వినిపించింది. దాని వెనకే మాట.

“అరువకే లలితా… కత్తెర పక్కకు పెట్టి వస్తున్న. జర చెయ్యందియ్యి, సాంచెల కాడ తిరగనియ్యని మోకాళ్లు ఈడ లేవనిస్తలేవు.”